స్టెంటు తీసిన తర్వాతే లెక్క

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



వైద్యం గురించి మాట్లాడడానికి బడిపంతుల్ని నిలబెట్టారేమిటని కొందరికి అనిపించవచ్చు. మేము డాక్టర్లం కాము. బీఎడ్ చదువుకుని, పాతబస్తీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ జుట్టు నెరిసినవాళ్ళం. అయితే వైద్య సహాయ కమిటీలో మా వంతు పని ఒకటుంది. రోగి ఇంటివాళ్ళు తెచ్చిన ఫైలు చదవడం, అందులో ఏం రాసి ఉందో వాళ్ళ భాషలో చెప్పడం, తెలియనిది డాక్టరును అడిగి తెలుసుకోవడం. ఆ పనిలో తెలిసిన సంగతులే ఇవాళ మీ ముందు పెడుతున్నాం.

ఒక్క జబ్బు గురించే మాట్లాడతాం. పిత్తనాళం ఇరుకు కావడం, అదీ క్యాన్సర్ వల్ల కాకుండా. దీన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, కంటి శుక్లానికి డబ్బిస్తే నెల తిరిగేలోగా ముసలాయన పేపరు చదువుతూ కనిపిస్తాడు. ఇచ్చినవారికి తృప్తి, పుచ్చుకున్నవారికి చూపు. ఈ జబ్బులో అలా జరగదు. రోగి నవ్వుతూ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున కూడా, ఇచ్చిన డబ్బు ఫలించిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఎప్పుడు చెప్పగలరు, ఎలా చెప్పగలరు, అంతవరకు మనం ఏం చెయ్యాలి అన్నదే ఇవాళ్టి మాట.

కామెర్లను మన ఇళ్ళలో యర్ఖాన్ అంటాం. పిత్తాశయాన్ని పిత్తా అంటాం, దానిలో రాళ్ళను పథ్రీ అంటాం. హకీం సాహెబులు పసరును సఫ్రా అంటారు. మన కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పసరు తయారు చేస్తుంది. అది ఒక సన్నని గొట్టం గుండా పేగులోకి దిగి, తిన్న కొవ్వును అరిగిస్తుంది. ఆ గొట్టమే పిత్తనాళం. మామూలుగా దాని వెడల్పు ఆరేడు మిల్లీమీటర్లు, అంటే బడిపిల్లవాడి పెన్సిలంత. పసరును నిలవ చేసుకునే సంచి, మనం పిత్తా అనేది, దీనికి పక్కన వేలాడుతూ ఉంటుంది.

ఆ పెన్సిలంత గొట్టం ఒకచోట మచ్చకట్టి దారమంత సన్నబడిందనుకోండి. పసరు వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్ళు పచ్చబడతాయి, మూత్రం కషాయంలా వస్తుంది, మలం తెల్లగా పోతుంది, రాత్రిళ్ళు ఒళ్ళంతా దురద. ఆగిన నీటికి నాచు పట్టినట్టు, నిలిచిపోయిన పసరులో సూక్ష్మజీవులు చేరితే చలితో వణికించే జ్వరం వస్తుంది. అది గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే జ్వరం. అంత తీవ్రంగా కాకుండా నెలలూ ఏళ్ళూ నానితే కాలేయమే గట్టిపడి పనికిరాకుండా పోతుంది.

ఎందుకు ఇరుకవుతుంది? మా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో తరచు కనిపించేది పిత్తాశయం తీసిన ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇరుకు. మన దేశంలో కెమెరా గొట్టంతో పిత్తాశయం తీయడం 1990లో ముంబయిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇవాళ అది ఊరూరా జరుగుతోంది. మంచి ఆపరేషన్. మూడు నాలుగు చిన్న రంధ్రాలు, ఒకటి రెండు రోజుల్లో ఇల్లు. మా మాట విని ఎవరూ రాళ్ళ ఆపరేషన్ మానుకోవద్దు. కాకపోతే వెయ్యిమందికి చేస్తే ముగ్గురు నుంచి ఐదుగురిలో పిత్తనాళానికి దెబ్బ తగలవచ్చని వైద్యులు చెబుతారు. పొరపాటున క్లిప్పు పడవచ్చు, వేడి తగలవచ్చు, దానికి రక్తం తెచ్చే నరం దెబ్బతినవచ్చు. వాపు ఎక్కువగా ఉన్నవాళ్ళలో నాళాలను గుర్తుపట్టడమే కష్టం. కొందరిలో దెబ్బ అక్కడికక్కడే తెలుస్తుంది, కొందరిలో నెలల తర్వాత కళ్ళు పచ్చబడితే గాని తెలియదు.

రెండోది క్లోమం దీర్ఘకాలంగా వాచి గట్టిపడడం. క్రానిక్ పాంక్రియాటైటిస్ అని ఫైలు మీద ఉంటుంది. పిత్తనాళం పేగులో కలిసే ముందు క్లోమం తల గుండా వెళుతుంది. ఆ తల గట్టిపడి నాళాన్ని నొక్కేస్తుంది. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఈ జబ్బు అనగానే మన గల్లీల్లో గుసగుసలు మొదలవుతాయి, తాగుతాడేమో అని. సారా ఒక కారణం, నిజమే. కానీ దక్షిణ భారతంలో జన్మలో చుక్క ముట్టనివాళ్ళకు, ఆడవాళ్ళకు, బడికెళ్ళే పిల్లలకు కూడా ఈ జబ్బు వస్తుందని వైద్యులకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఆ గుసగుసలకు జడిసి జబ్బు పేరు దాచుకునే ఇళ్ళున్నాయి. సహాయానికి దరఖాస్తు కూడా పెట్టుకోరు. దానం చేసే చెయ్యి ముందు ఆ అనుమానం మానుకోవాలి.

మూడోది కాలేయ మార్పిడి చేసినవాళ్ళలో రెండు నాళాలు అతికించిన చోట వచ్చే ఇరుకు. ఇవి కాక నాళంలో రాళ్ళు, క్షయ, ఒంట్లోని రోగనిరోధక శక్తే ఎదురు తిరిగే కొన్ని జబ్బులు. అవి తక్కువ.

వీటన్నిటినీ డాక్టర్లు బినైన్ అంటారు, క్యాన్సర్ కానిది అని. ఆ మాట విన్న రోజున ఇంట్లో మిఠాయి పంచుతారు. పంచాల్సిందే. కాని మా అనుభవంలో ఈ జబ్బులో ఎక్కువ నష్టం చేసేదీ ఆ మాటే. క్యాన్సర్ కాదన్నారు, ఇంకేం భయం అనుకుంటారు. ఒకటి, క్యాన్సర్ కాదని తేల్చడమే చిన్న పని కాదు. పిత్తనాళం క్యాన్సర్, క్లోమం క్యాన్సర్ కూడా అచ్చం ఇలాగే నాళాన్ని నొక్కుతాయి. స్కానింగు, నాళంలో చిన్న బ్రష్షు తిప్పి తీసిన కణాల పరీక్ష, అవసరమైతే ముక్క పరీక్ష, ఇవన్నీ చూసి చెబుతారు. ఒకసారి లేదని వచ్చినా అనుమానం ఉంటే మళ్ళీ చేస్తారు. రెండోసారి పరీక్షకు డబ్బెందుకు, మొదటిదాంట్లో ఏమీ లేదన్నారుగా అని మనం అడగకూడదు. రెండు, క్యాన్సర్ కాకపోయినా ఇందాక చెప్పిన జ్వరం, కాలేయం గట్టిపడడం ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు చికిత్స. ఈ విషయంలో మన హైదరాబాద్ ఎవరికీ తీసిపోదు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉస్మానియా ఉంది, అందులో జీర్ణకోశ శస్త్రచికిత్స విభాగం కాలేయ మార్పిడి కూడా చేస్తుంది. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. సోమాజీగూడలో, గచ్చిబౌలిలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఉంది, ఏఐజీ అంటే ఆటోవాళ్ళకు కూడా తెలుసు. దాన్ని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆ సంస్థ డాక్టర్లు ఈ పిత్తనాళం ఇరుకు మీద చేసిన పరిశోధనలను ప్రపంచం చదువుతుంది. వాటి సంగతి కాసేపట్లో.

చికిత్సలో ముఖ్యమైనది ఈఆర్‌సీపీ. కోత ఉండదు. మత్తిచ్చి నోటి గుండా కెమెరా గొట్టాన్ని చిన్న పేగు మొదటి భాగం దాకా పంపుతారు. అక్కడ పిత్తనాళం తెరుచుకునే సన్నని ద్వారం ఉంటుంది. అందులోంచి మందు ఎక్కించి ఎక్స్‌రేలో నాళాన్ని చూస్తారు. ఇరుకు ఎక్కడుందో కనిపిస్తుంది. తీగె దూర్చి, దాని మీదుగా చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి ఇరుకును సాగదీస్తారు. సాగదీసి వదిలేస్తే మచ్చ మళ్ళీ ముడుచుకుంటుంది. అందుకని అందులో గొట్టం పెడతారు, అదే స్టెంటు.

ఇది ఎలాంటిదో అక్కలకు ఇట్టే అర్థమవుతుంది. ఆడపిల్లకు చెవులు కుట్టించాక ఏం చేస్తాం? సన్నని వేపపుల్ల పెడతాం. కొన్నాళ్ళకు అది తీసి కాస్త లావు పుల్ల పెడతాం. పుండు మాని, రంధ్రం దానంతట అది నిలబడేదాకా పుల్ల ఉండాలి. తొందరపడి తీసేస్తే పూడిపోతుంది. ప్లాస్టిక్ స్టెంటు వైద్యం సరిగ్గా ఇదే. ఒక్కో గొట్టం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు లావుంటుంది. సుమారు మూడు నెలలకోసారి రోగిని పిలిచి, పాతవి తీసి, ఇంకా ఎక్కువ గొట్టాలు పక్కపక్కన పెడతారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఏడాది పాటు ఇలా సాగుతుంది. మూడు నెలలే ఎందుకంటే, ప్లాస్టిక్ గొట్టం అంతకు మించి నమ్మకంగా పనిచెయ్యదు. లోపల మడ్డి పేరుకుని మూసుకుపోతుంది.

ఇటలీలో రోమ్ నగరంలో డాక్టర్ కోస్టమాన్యా బృందం ఆపరేషన్ తర్వాత ఇరుకు వచ్చినవాళ్ళకు ఈ పద్ధతిలో చికిత్స చేసి, అక్కడితో వదిలెయ్యకుండా 35 మందిని సగటున 13 ఏళ్ళకు పైగా చూస్తూ వచ్చింది. వాళ్ళలో ఇరుకు తిరగబెట్టింది నలుగురికే. ఓపికగా ఏడాది పూర్తి చేసినవాళ్ళకు దక్కిన ఫలితం అది.

ఇంకో రకం లోహపు స్టెంటు. జల్లెడలాంటి తీగె గొట్టం, దాని చుట్టూ పూర్తిగా పొర. ముడిచి లోపలికి పంపితే అక్కడ విచ్చుకుని పది మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. పొర ఉండడం ముఖ్యం. పొర లేకపోతే కండ జల్లెడ సందుల్లోంచి పెరిగి, తీయడానికి రాదు. క్యాన్సర్ కాని జబ్బులో స్టెంటు ఏదో ఒకనాడు తీసెయ్యవలసిందే కాబట్టి పొర ఉన్నదే పెట్టాలి. ఇది ఒకసారి పెడితే, క్లోమం జబ్బువాళ్ళలో పది పన్నెండు నెలలు ఉంచి తీస్తారు. కాలేయ మార్పిడి అయినవాళ్ళలో ఇంకా ముందే తీస్తారు.

అయితే లోహపుది అందరికీ కుదరదు. కాలేయం నుంచి వచ్చే కుడి ఎడమ నాళాలు కలిసే చోట ఇరుకుంటే, లావు గొట్టం పక్క నాళాన్ని మూసేస్తుంది. పిత్తాశయం ఇంకా ఉన్నవాళ్ళలో దాని నోరు మూసుకుపోవచ్చు. కొందరిలో స్టెంటు జారిపోతుంది. ఇక నాళం పూర్తిగా తెగిపోయినవాళ్ళకు ఈ గొట్టాలేవీ చాలవు. పేగును పైకి లాగి కాలేయం దగ్గర నాళానికి కుట్టే పెద్ద ఆపరేషన్ చెయ్యాలి. అది అలవాటైన చేతుల్లోనే జరగాలి. మొదట దెబ్బ తగిలిన చోటే హడావిడిగా సరిచేయించుకోవడం కన్నా, రోగిని స్థిమితపరిచి పెద్ద కేంద్రానికి పంపడం మంచిదని వైద్యశాస్త్రమే చెబుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పనిచేసిందా లేదా?

మా దాతల్లో ఒక పెద్దాయన ప్రతిసారీ అడుగుతారు, "మాస్టారూ, కళ్ళ పచ్చదనం పోయింది కదా, మరి నయమైనట్టేగా?" అని. న్యాయమైన ప్రశ్న. జవాబు, కాదు. స్టెంటు పెట్టిన రెండు మూడు వారాల్లో పచ్చదనం తగ్గిందంటే, గొట్టంలోంచి పసరు పారుతోందని అర్థం. ఇరుకు నయమైందని కాదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, పిల్లవాడు గైడు తెరిచి పెట్టుకుని లెక్కలు చేస్తున్నాడు. అన్నీ సరిగ్గానే వస్తాయి. గైడు మూసి కాగితం ఇచ్చిన రోజున గాని వాడికి లెక్క వచ్చో రాదో తెలియదు. ఈ జబ్బులో గైడు మూసే రోజు స్టెంటు తీసే రోజు.

ఆ రోజు డాక్టర్లు మళ్ళీ మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తారు. నడుము సన్నగా కనిపించే చోటు ఇంకా ఉందా, గాలి నింపిన బెలూన్ అక్కడ పట్టకుండా జారుతుందా, మందు పేగులోకి చకచకా దిగుతుందా. ఇవి బాగుంటే స్టెంటు లేకుండా ఇంటికి పంపుతారు. లేకపోతే మళ్ళీ పెడతారు. మళ్ళీ పెట్టినంత మాత్రాన చికిత్స విఫలమైందని బెంగపడనక్కర లేదు, క్లోమం జబ్బులో అది మామూలే.

స్టెంటు లేకుండా ఇంటికొచ్చాక మొదలవుతుంది పరీక్ష. మొదటి ఏడాది కొద్ది నెలలకోసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో రక్తపరీక్ష చేయించాలి. అందులో బిలిరుబిన్ ఒక్కటే చూసి సంతోషించకండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఇంకో అంకె ఉంటుంది. నాళం మళ్ళీ బిగుసుకోవడం మొదలైతే చాలామందిలో ముందు పెరిగేది అదే. కళ్ళు పచ్చబడడం ఆ తర్వాతెప్పుడో. ఫైళ్ళు చదివేటప్పుడు మేము వేలు పెట్టి చూసేది ఆ వరుసనే. అది పెరుగుతూ ఉంటే ఎమ్మార్సీపీ అనే స్కానింగు చేయించి నాళం బొమ్మ చూస్తారు. దానికి కోతా లేదు, గొట్టమూ లేదు.

ఫలితానికి మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. పంతుళ్ళం కాబట్టి మాకు నచ్చింది. మెక్‌డొనాల్డ్ అనే ఆయన పేరు మీద నడుస్తుంది. రక్తపరీక్ష మామూలుగా ఉండి, మనిషికి ఏ బాధా లేకపోతే ఏ గ్రేడు. బాధ లేదు గాని రక్తపరీక్షలో కొంచెం తేడా ఉంటే బి. తేడాతో పాటు నొప్పి, జ్వరం వస్తుంటే సి. మళ్ళీ బెలూనో ఆపరేషనో తప్పకపోతే డి. మనిషి తిరుగుతున్నాడు, తింటున్నాడు అనే చూపుకు ఏ గ్రేడువాడూ బి గ్రేడువాడూ ఒక్కలాగే కనిపిస్తారని గమనించండి. తేడా తెలిసేది రక్తపరీక్షలోనే.

ఎంతమందికి నయమవుతుందని అడుగుతారు. ఇందాక చెప్పిన పరిశోధనలు ఇక్కడ అక్కరకు వస్తాయి. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో 11 దేశాల్లోని 13 కేంద్రాల్లో 187 మందికి పొర ఉన్న లోహపు స్టెంటు పెట్టి చూశారు. అందులో హైదరాబాద్ ఏఐజీ కూడా ఉంది. వాళ్ళలో 127 మందిది క్లోమం జబ్బే. అందరినీ కలిపి చూస్తే నాలుగింట మూడు వంతుల మందికి ఇరుకు విడిపోయింది. సంతోషించాల్సిన సంగతే. కానీ ఆ డాక్టర్లు అక్కడితో పుస్తకం మూసెయ్యలేదు. క్లోమం జబ్బువాళ్ళలో 118 మందిని ఐదేళ్ళ దాకా వెంబడించారు. 2020లో వచ్చిన ఆ నివేదికకు మొదటి రచయిత మన హైదరాబాద్ ఏఐజీకి చెందిన డాక్టర్ సందీప్ లఖ్టాకియా. ఐదేళ్ళ తర్వాత కూడా మళ్ళీ స్టెంటు అవసరం లేకుండా ఉండే అవకాశం సుమారు 62 శాతమని తేలింది. అంటే పదిమందిలో ఆరుగురు బాగున్నారు, మిగతా నలుగురికి ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఆస్పత్రి మెట్లు ఎక్కక తప్పలేదు.

ఆ నలుగురి సంగతి మాకు ముఖ్యం. వాళ్ళను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు కాబట్టి దొరికారు. అధ్యయనంలో ఉన్నవాళ్ళకు ఆస్పత్రి నుంచి ఫోను వస్తుంది, తేదీ గుర్తుచేస్తారు. యాకుత్‌పురాలో, కిషన్‌బాగ్‌లో, హఫీజ్ బాబానగర్‌లో ఉండేవాళ్ళకు ఆ ఫోను ఎవరు చేస్తారు?

కార్చోబీ పని చేసే ఒక సోదరుడి సంగతి చెబుతాం. పేరూ వద్దు, ఆస్పత్రి పేరూ వద్దు. రాళ్ళ ఆపరేషన్ తర్వాత ఇరుకు వచ్చింది. ప్లాస్టిక్ స్టెంటు పెట్టారు. మూడు నెలలకు రమ్మని డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆయన ఉర్దూ తప్ప ఇంకేదీ చదవలేడు. వారం తిరక్కుండానే దురద పోయింది, ఆకలి పుట్టింది, మగ్గం ముందు కూర్చున్నాడు. పెళ్ళిళ్ళ కాలం, చేతినిండా పని. రోజు కూలీ వదులుకుని గచ్చిబౌలికో పంజాగుట్టకో వెళ్ళడమంటే ఆయనకు, తోడు వెళ్ళే తమ్ముడికి, ఇద్దరికీ ఆ రోజు కూలీ పోయినట్టే. ఒంట్లో బాగున్న మనిషి ఎందుకు వెళతాడు? తొమ్మిదో నెలలో ఒక రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది. ముందు మలేరియా అనుకున్నారు. తర్వాత కళ్ళు పచ్చబడితే ఎవరో ఆకు మందు చెప్పారు, ఇంకెవరో మెడలో దండ కట్టమన్నారు. నాలుగో రోజున మాకు కబురొచ్చింది. అల్లా దయ వల్ల బతికాడు. మూసుకుపోయిన గొట్టం తీసేసరికి దాని నిండా బురదలాంటి మడ్డి ఉందని డాక్టరు చెప్పారు. ఐసీయూలో గడిపిన రోజుల ఖర్చుతో, ఆయన మానుకున్న మూడు నెలల రాకపోకలన్నీ హాయిగా జరిగిపోయేవి.

ఆకు మందుల గురించి ఒక్క మాట. చార్మినార్ పక్కన నిజామియా యునానీ దవాఖానా ఉన్న ఊరు మనది, హకీముల విద్య మీద మాకు గౌరవమే. కాని కామెర్లలో రెండు రకాలు. కాలేయం వాచి వచ్చే కామెర్లు చాలావరకు విశ్రాంతితో వాటంతట అవే తగ్గుతాయి, మందు పనిచేసిందని మనం అనుకుంటాం. గొట్టం మూసుకుని వచ్చే కామెర్లు అలా తగ్గవు. కడుపులో స్టెంటు ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచకూడదు. రాత్రయినా సరే.

ఇక దాతలతో డబ్బు మాటలు. మన దానాలు ఎక్కువగా రంజాన్‌లో వస్తాయి. జకాత్ లెక్క ఏడాదికోసారి చూసుకుంటాం కాబట్టి అది సహజం. స్టెంటు తేదీ మాత్రం రంజాన్ కోసం ఆగదు. షాబాన్‌లో పెట్టిన ప్లాస్టిక్ స్టెంటు జుల్‌ఖదాలో మార్చాలి, మళ్ళీ సఫర్‌లో మార్చాలి. అందుకే మా మనవి, ఈ జబ్బుకు ఇచ్చేవారు ఒక రోగికి ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి చేతులు దులుపుకోకుండా, ఆ మొత్తాన్నే విడతలుగా ఆ రోగి పేరున కట్టి ఉంచండి. జకాత్‌ను ఇలా విడతలుగా ఇవ్వడం ఎంతవరకు సరి అన్నది ఉలేమాను అడిగి చేసుకోండి, అది మా పరిధి కాదు. సదఖాకు ఆ ఇబ్బంది లేదు.

ఆరోగ్యశ్రీ ఉందిగా అంటారు. ఉంది, 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచారు, అర్హులందరికీ ముందు అదే వాడాలి. మా దగ్గరికి వచ్చినవారికి మేము మొదట చెప్పేదీ అదే. అయితే పథకం ముఖ్యంగా ఆస్పత్రి లోపల జరిగేదాని గురించే. పోయిన కూలీ, ఆటో, తోడు వచ్చినవారి భోజనం, రెండో ఏడాదిలో చేయించే రక్తపరీక్ష, ఇవి ఇంటి ఖర్చులోనే పడతాయి. రోగి ఆగిపోయేది సరిగ్గా అక్కడే. చూస్తే చిన్న మొత్తాలు. రసీదు మీద గొప్పగా కనిపించవు. ఆటో ఖర్చుకు ఇచ్చామని సావనీర్‌లో వేసుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. మా దృష్టిలో ఈ జబ్బులో ఐసీయూ బిల్లు కట్టినవారి కన్నా మూడో నెల ఆటో ఖర్చు కట్టినవారిదే పెద్ద సహాయం.

ప్లాస్టిక్‌దా లోహపుదా అన్న చోట కూడా దాతలు ఒక సంగతి తెలుసుకోవాలి. లోహపుది ఖరీదు. చవకదే వేయించండి, మిగిలిన డబ్బుతో ఇంకొకరికి చేద్దాం అని సదుద్దేశంతోనే అంటారు. హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ మోహన్ రాంచందానీ మొదటి రచయితగా 2021లో ఒక అధ్యయనం వచ్చింది. క్లోమం జబ్బు వల్ల ఇరుకు వచ్చిన 164 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు లోహపుది, ఇంకో జట్టుకు ప్లాస్టిక్‌వి పెట్టారు. 24 నెలల దగ్గర చూస్తే ఫలితం దాదాపు సమానం, లోహపుదానికి సుమారు 76 శాతం, ప్లాస్టిక్‌కు 77. తేడా ఎక్కడంటే, లోహపు జట్టుకు సగటున 2.6 సార్లు ఈఆర్‌సీపీ చేయవలసి వస్తే ప్లాస్టిక్ జట్టుకు 3.9 సార్లు. ఒకసారి తగ్గిందంటే ఒక మత్తు, ఒక ప్రయాణం, ఇద్దరి కూలీ తగ్గాయన్నమాట. తేదీకి రాలేని మనిషి విషయంలో ఆ తేడా ప్రాణంతో సమానం కావచ్చు. ఏది పెట్టాలో నిర్ణయించేది డాక్టరే. రోగి ఎక్కడ ఉంటాడో, ఎన్నిసార్లు రాగలడో డాక్టరుకు చెప్పాల్సిన పని మనది.

ఇన్ని విన్నాక కమిటీ తరఫున ఒక ఏర్పాటు చెబుతాం. పిత్తనాళం స్టెంటు ఉన్నవారందరికీ వేరే రిజిస్టరు తెరిచాం. అందులో పేరు, ఫోను నంబరు, పక్కింటివారి ఫోను నంబరు. మన వాళ్ళు నంబర్లు మారుస్తారు, ఇళ్ళూ మారుస్తారు, పక్కింటివారైతే ఎక్కడికి వెళ్ళారో చెబుతారు. స్టెంటు ఏ రకం, ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన మార్చాలి లేదా తీయాలి. తర్వాత రక్తపరీక్షల గడులు. చిట్టచివరి గడి, స్టెంటు తీసిన తర్వాత 24వ నెల. ఆ గడి నిండేదాకా ఆ పేరును సహాయం పొందినవారి జాబితాలో కాకుండా, సహాయం పొందుతున్నవారి జాబితాలోనే ఉంచాలని మా ప్రతిపాదన. దీనివల్ల సావనీర్‌లో మన అంకె చిన్నదవుతుంది. పది మందికి సహాయం అని వేసే చోట ముగ్గురే ఉండవచ్చు. సదర్ సాహెబ్ దీనికి ఒప్పుకున్నారు.

రోగి చేతికి ఒక కార్డు ఇస్తున్నాం. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు రాశారు, దస్తూరీ ముత్యాల్లా ఉంది. నీ కడుపులో గొట్టం ఉంది, ఫలానా తేదీలోగా తీయించుకోవాలి, చలిజ్వరం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళి ఈ కార్డు చూపించు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాత ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జి కాగితం, స్కానింగు సీడీ పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు కూడా ఇస్తున్నాం. కొత్త డాక్టరు ముందు అడిగేది ఆ పాత కాగితమే.

ఈ నెలలో తేదీ పడినవారు ముగ్గురున్నారు. ఇద్దరికి ఆటో, తోడు మనిషి కుదిరారు. మూడో ఆమె హఫీజ్ బాబానగర్‌లో ఉంటుంది, భర్త ఊళ్ళో లేడు, ఇద్దరు చిన్నపిల్లలు. వచ్చే మంగళవారం ఉదయం ఏడింటికి బయలుదేరాలి, సాయంత్రందాకా పడుతుంది. ఆమెతో వెళ్ళడానికి ఒక అక్క, ఆ పూట పిల్లల్ని చూసుకోవడానికి ఇంకొకరు కావాలి. వీలైనవారు సభ అయ్యాక గుమ్మం దగ్గర ఉన్న బల్ల వద్ద పేరు రాయించండి. రిజిస్టరు కూడా అక్కడే ఉంది.